పింఛను ఉన్నది, ఇల్లు ఏది?



బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో పదవీ విరమణకు దగ్గరపడిన వారిని కదిలించి చూడండి. గ్రాట్యుటీ ఎప్పుడు చేతికి వచ్చును, కరువు భత్యము ఎంత పెరుగును అనెడి ప్రశ్నలు అందరివి. వానికి సమాధానము చెప్పుటకు మన వద్ద ఉత్తర్వులున్నవి, లెక్కలున్నవి. కాని కొందరు ఆ ప్రశ్నలన్నియు ముగిసి, తోటివారు లేచిపోయిన తరువాత గొంతు తగ్గించి మరియొకటి అడుగుదురు: "మేం పోయాక మావాణ్ణి ఎవరు చూస్తారు?"

ఆ "మావాడు" చిన్న పిల్లవాడు కాడు. ముప్పది, నలుబది, ఏబది ఏండ్ల మనిషి. మేధో వైకల్యము వలననో, సెరిబ్రల్ పాల్సీ వలననో, దీర్ఘకాలిక మానసిక వ్యాధి వలననో ఒంటరిగా బ్రతుకలేని మనిషి. అతనికి స్నానమునకు నీళ్లు తోడి ఇచ్చువారు, వేళకు మందు వేయువారు, దారి తప్పిననాడు వెదకి తెచ్చువారు ఉండవలెను. ఇన్నాళ్లు ఆ పని తల్లి చేసినది. తల్లికిప్పుడు డెబ్బది ఏండ్లు దాటినవి. ఆమె మోకాళ్లు ఆమె మాటనే వినుట లేదు.

ఈ ప్రశ్నకు మన కోర్కెల పత్రములలో ఇంతవరకు చోటు లేదు. చోటు ఉండవలెనని, అది జాలి గల పెద్దల దయాధర్మ విషయముగాక కార్మిక సంఘము పోరాడి సాధించవలసిన కోర్కె అని చెప్పుటకే ఇది వ్రాయుచున్నాను.

ఈ ప్రశ్న అన్ని ఊళ్లలోను ఉన్నది. కాని రైల్వే పట్టణములో దానికి పదును ఎక్కువ. బిలాస్‌పూర్ వంటి పట్టణమున ఇల్లు ఉద్యోగమునకు ముడివేయబడి యున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షనుగా మార్చినది. అదే కంపెనీ లైను ఒక కొస వాల్తేరు. ఆ లైను వెంటనే శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి మనవారు ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా ఇక్కడికి వచ్చిరి. కంపెనీ పోయినది. 1944లో అది ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినది. 2003 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానము. కోర్బా బొగ్గు ఈ డివిజను మీదుగానే దేశమునకు పోవుచున్నది. బోర్డుల మీద పేర్లు ఎన్ని మారినను క్వార్టరు మాత్రము ఉద్యోగమున్నంతవరకే మనది. నేటికిని సోలాపురి మాత పూజకు కాలనీలలోని తెలుగువారందరును ఒకచోట చేరుదురు. ఆ గుంపులో మూడవ తరమువారు, నాలుగవ తరమువారు ఉన్నారు. వారిలో ఎందరికి సొంత ఇల్లున్నది?

విరమణ చేసిన వానికి సాధారణ అద్దెపై నాలుగు నెలలు క్వార్టరు ఉంచుకొను వెసులుబాటు ఉన్నది. సర్వీసులో మరణించిన వాని కుటుంబమునకు ఇరువది నాలుగు నెలలు. ఆ తరువాత తాళము అప్పగించవలసినదే. స్వగ్రామమునకు పోవుదమన్న అక్కడి వాటా తాతల నాడే చేతులు మారినది. తోర్వాలోనో, తార్‌బహార్‌లోనో రెండు గదులు అద్దెకు వెదకవలెను. ఇంటి యజమాని మొదట అద్దె సంగతి మాట్లాడడు. గుమ్మములో కూర్చున్న కుమారుని చూచి, "రాత్రులు అరుస్తాడా?" అని అడుగును. ఈ మాట నేను నా చెవులతో విన్నాను, ఒకసారి కాదు.

ఇక మనము సాధించుకొన్నది ఏమో చూతము. దానిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. రైల్వేలలో పింఛను 1957 నవంబరు 16 నుండి వచ్చినది. అంతకు ముందు భవిష్యనిధి మూట చేతికిచ్చి పంపెడివారు. 1964లో కుటుంబ పింఛను పథకము వచ్చినది. పింఛను యజమాని దయతో వేయు భిక్ష కాదని, చేసిన సేవకు సంక్రమించిన హక్కు అని 1982 డిసెంబరులో నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1993 నాటి రైల్వే పింఛను నియమావళి ప్రకారము, వైకల్యము వలన జీవనోపాధి సంపాదించుకొనలేని కుమారునకు గాని కుమార్తెకు గాని కుటుంబ పింఛను జీవితాంతము చెల్లింపబడును. చివరి వేతనములో 30 శాతము. 2016 నుండి కనీసము 9,000 రూపాయలు, దానిపై కరువు ఉపశమనము. తండ్రి బ్రతికి యుండగానే ఆ బిడ్డ పేరును పింఛను పత్రములో చేర్పించుకొనవచ్చును. మన సభ్యులలో చాలమంది ఈ పని చేయుట లేదు. "అప్పుడు చూసుకోవచ్చులెండి" అందురు. ఆ "అప్పుడు" వచ్చునప్పటికి తిరుగవలసిన కాళ్లు ఉండవు.

ఈ రక్షణ కూడ అందరికిని లేదు. 2004 జనవరి 1 తరువాత చేరినవారు కొత్త పింఛను పథకము క్రిందికి త్రోయబడిరి. వారు సర్వీసులో మరణించిన యెడల పాత కుటుంబ పింఛను లభించును. ముప్పది ఏండ్లు పనిచేసి క్షేమముగా విరమించిన యెడల లభించునది యాన్యుటీ మాత్రమే. భార్యాభర్తలిరువురును గతించిన పిదప వికలాంగుడైన బిడ్డకు నెలనెలా జీవితాంతము అందునను హామీ అందులో లేదు. 2025 ఏప్రిల్ 1 నుండి ఎంతో ఆర్భాటముతో వచ్చిన ఏకీకృత పింఛను పథకములో కుటుంబ చెల్లింపు 60 శాతమని చెప్పిరి. ఆ నియమావళి ప్రకారము ఆ చెల్లింపు జీవిత భాగస్వామికే. వికలాంగ సంతానము అను మాట అచ్చట లేదు. అనగా పట్టాల మధ్య చనిపోయిన ట్రాక్‌మన్ బిడ్డకు రక్షణ ఉన్నది, బ్రతికి విరమించిన ట్రాక్‌మన్ బిడ్డకు లేదు! దీనికన్న క్రూరమైన వెక్కిరింత ఉండునా? పాత పింఛను పునరుద్ధరణ కొరకు మనము చేయు ఉద్యమములో ఈ వాదనకు ముందు వరుసలో స్థానమీయవలెను. ఇంతవరకు ఈయలేదు.

రైల్వే ఉద్యోగి కాని వాని బిడ్డ సంగతి ఇంకను ఘోరము. కాంట్రాక్టు కూలీకి, లోడింగ్ కూలీకి, స్టేషను బయట రిక్షా త్రొక్కువానికి రైల్వే కుటుంబ పింఛను లేదు. దారిద్ర్యరేఖకు దిగువనుండి, 80 శాతము వైకల్యమున్నవానికి కేంద్రము ఇచ్చు వికలాంగ పింఛను నెలకు 300 రూపాయలు. రోజుకు పది రూపాయలు. 2012 నుండి కేంద్రపు వాటా అంతే. మధ్యలో వికలాంగుడను పేరును దివ్యాంగుడని మార్చిరి. పేరులో దివ్యత్వము చేరినది. మూడు వందలలో మూడు రూపాయలు కూడ చేరలేదు.

అయితే, ఇక్కడ జాగ్రత్తగా ఆలోచింపవలెను. రేపు పింఛను రెట్టింపు అయినను ఆ తల్లి ప్రశ్నకు సమాధానము దొరకదు. డబ్బు అన్నము వండదు, రాత్రి లేచి పక్క మార్చదు. పింఛను ఉండుటయే కొన్నిసార్లు ఆపదగును. మాకు తెలిసిన ఒక కుటుంబపు కథ చెప్పెదను. వారు గుర్తింపబడకుండ వివరములు మార్చినాను. ట్రాక్‌మన్‌గా విరమించిన తండ్రి, ఆ తరువాత తల్లి పోయిరి. నలుబది దాటిన కుమారునకు కుటుంబ పింఛను మంజూరైనది. అక్క దూరపు ఊరిలో కాపురము చేయుచున్నది. ఆమె అత్తవారు అతనిని రానీయలేదు. ఒక బంధువు ముందుకు వచ్చి, నేను చూచుకొందునని సంరక్షకుడుగా వ్రాయించుకొన్నాడు. ఒక సంవత్సరమునకు మేము పోయి చూచునప్పటికి ఆ మనిషి ఇంటి వెనుక రేకుల పాకలో ఉన్నాడు. గోళ్లు కత్తిరించి ఎన్ని నెలలైనదో తెలియదు. తండ్రి పేరు అడిగిన చెప్పినాడు, తండ్రి టోకెన్ నంబరు కూడ చెప్పినాడు. నెలనెలా పింఛను మాత్రము క్రమము తప్పక బ్యాంకులో పడుచునే యున్నది, క్రమము తప్పక తీయబడుచునే యున్నది. సంబంధిత కార్యాలయమును అడుగగా, కాగితములన్నియు సక్రమముగా ఉన్నవని సమాధానము. నిజమే. కాగితములు సక్రమముగానే ఉన్నవి.

ఈ మాట చెప్పగానే రెండు వైపుల నుండి రెండు సలహాలు వచ్చును.

మొదటిది వేదికల మీద వినబడునది. మనది కుటుంబ వ్యవస్థ, పాశ్చాత్యుల వలె మనవారిని మనము పరాయి చేతులలో పెట్టము, మన సంస్కృతియే మనకు రక్ష అని. ఈ ఉపన్యాసము ఇచ్చు పెద్దమనిషి ఇంట అటువంటి బిడ్డకు ఎవరు అన్నము తినిపించుదురో అడుగవలెను. ఆయన మాత్రము కాదు. కుటుంబము అను గంభీరమైన పదమును విప్పి చూచిన లోపల ఉండునది ఒక స్త్రీ: తల్లి, ఆమె పోయిన అక్క, అక్క లేకున్న వదిన. 2019లో ప్రభుత్వమే జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారము, జీతము లేని ఇంటి పనిలో స్త్రీ రోజుకు 299 నిమిషములు గడపుచున్నది, పురుషుడు 97. ఇంటిలో వికలాంగుడైన పెద్దవాడు ఉన్నచోట ఆ స్త్రీ గడియారము ఎట్లుండునో ఊహింపవచ్చును. రైల్వేలో పనిచేయు తల్లికి సర్వీసు మొత్తములో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నది. వికలాంగ సంతానమునకు 2018 నుండి వయఃపరిమితి కూడ తీసివేసిరి. మంచిదే. కాని ఆ బిడ్డ బ్రతుకు 730 రోజులు కాదు గదా! ఇక ఉమ్మడి కుటుంబమందురా, దానిని బద్దలు కొట్టినది మన నైతిక పతనము కాదు, బదిలీ ఉత్తర్వు. రెండు గదుల క్వార్టరులో ఉమ్మడి కుటుంబము ఇమడదు.

రెండవ సలహా ఆశ్రమములది. ఎక్కడనో ఒక సంస్థలో చేర్పించండి, అన్నవస్త్రములు వారే చూచుకొందురు అని. మంచి సంస్థలున్నవి, కాదనను. కాని లోపలికి ఎవరును తొంగిచూడని సంస్థ ఏమగునో ఏర్వాడి చెప్పినది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో ఒక మానసిక రోగుల గృహము అగ్నికి ఆహుతి కాగా, గొలుసులతో కట్టబడి యుండుటచే కదలలేక 28 మంది మాడిపోయిరి. వారిని అక్కడ చేర్చినవారు కుటుంబ సభ్యులే. అంత దూరము పోనక్కరలేదు. ఈ రాష్ట్రములోనే వికలాంగుల సేవ పేరిట నిధులు స్వాహా అయినవను ఆరోపణలపై, కేసు నమోదు చేసి దర్యాప్తు జరుపుమని 2020లో ఈ బిలాస్‌పూర్ లోని హైకోర్టే సి.బి.ఐ.ని ఆదేశింపవలసి వచ్చినది. ఆరోపణలు తేలవలసినది న్యాయస్థానములోనే. కాని అంతవరకు వచ్చినదనగా లెక్క అడుగువాడు లేకుండెనని అర్థము గదా.

బిలాస్‌పూర్ ప్రక్కనే సేంద్రీలో రాష్ట్ర మానసిక చికిత్సాలయము ఉన్నది. అది చికిత్స కొరకు. చికిత్స ముగిసిన మనిషిని, కుటుంబము రానీయదను ఒకే కారణముతో ఆస్పత్రిలో ఉంచివేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 19వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. సమాజములో నివసించుట అతని హక్కు, అందుకు తగిన ఆశ్రయ గృహములు ఏర్పరచుట ప్రభుత్వ బాధ్యత. చట్టము చెప్పినది. ఇండ్లు ఏవి?

ఈ రెండు సలహాలకును వెలుపల మూడవ మార్గమొకటి ఉన్నది. దానినే పోషక గృహము అనవచ్చును. పెద్ద భవనము కాదు, బోర్డు ఉండదు. మామూలు వీధిలో మామూలు ఇల్లు. అందులో నివసించు కుటుంబము, తమకు రక్తసంబంధము లేని ఒకరినో ఇద్దరినో తమతో ఉంచుకొని చూచుకొనును. అందుకు ప్రభుత్వము ప్రతిఫలము చెల్లించును, నర్సు వచ్చి చూచిపోవును, కష్టము వచ్చిననాడు ఆస్పత్రి అండగా నిలుచును.

ఇది ఎవరి ఊహయు కాదు. బెల్జియము దేశమున గీల్ అను పట్టణము కలదు. మధ్యయుగమున సెయింట్ డింఫ్నా క్షేత్రమని మతి చలించినవారిని బంధువులు అక్కడికి తీసికొనిపోవుచుండిరి. దేవాలయములో చోటు చాలక ఊరివారు తమ ఇండ్లలో ఉంచుకొనసాగిరి. అది అలవాటైనది, తరువాత వ్యవస్థ అయినది. 1850లో రాజ్యము దానిని తన అధీనములోనికి తీసికొన్నది. ఊరిలో చిన్న ఆస్పత్రి కట్టిరి. వచ్చినవారిని మొదట అచ్చట పరిశీలించి, తగిన ఇల్లు చూచి పంపెడివారు. ఆ ఇంటివారు వారిని రోగి అని పిలువరు, బసచేయువాడు అందురు. అతని వ్యాధి పేరు కూడ ఇంటివారికి చెప్పకుండుట పూర్వాచారము. పొలము పనిలో, వంటలో, పిల్లలను ఆడించుటలో చేతనైనది చేయును, చేతకాని నాడు ఊరకుండును. ఇంటి తల్లి చనిపోయిన కుమార్తె అతనిని వారసత్వముగా చూచుకొనిన కుటుంబములు అచ్చట ఎన్నియో ఉన్నవి. 1938లో ఆ చిన్న పట్టణములో 3,700కు పైగా ఇట్టివారు ఇండ్లలో నివసించిరి. 2023లో యునెస్కో ఈ సంప్రదాయమునకు గుర్తింపు నిచ్చినది.

అయితే, మన పాలకులు గీల్ పేరెత్తిన నాడు కథలోని రెండవ సగము కూడ వారిచేత చదివింపవలెను. నేడు గీల్‌లో ఆ సంఖ్య పదవ వంతు కూడ లేదు. కరుణ తరిగిపోయినదని అందురేమో! పొలములు తగ్గినవి. స్త్రీలు ఉద్యోగములకు పోవుచున్నారు. ఇంటివద్ద ఉండి రేయింబవళ్లు చూచుకొన్నందుకు వచ్చు భత్యము ఎన్నడును జీతమంత కాలేదు. ఏడు వందల ఏండ్ల పుణ్యము కూడ జీతము లేని శ్రమ మీద నిలువజాలదని ఆ ఊరు రుజువు చేసినది. ఇంగ్లండులో షేర్డ్ లైవ్స్ అను పద్ధతి ఉన్నది. వికలాంగులైన పెద్దవారు పరీక్షించి ఎన్నిక చేసిన కుటుంబముతో నివసింతురు, ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆ పథకములను తనిఖీ చేయును. అచ్చటను చూచుకొనువారిని ఉద్యోగులుగా గాక స్వయం ఉపాధి గలవారుగా లెక్కింతురు. ఆ లెక్క ఎవరికి లాభమో కాంట్రాక్టు కార్మికులను చూచిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశములోనే ఇందుకు దగ్గరి ప్రయత్నము జరుగుచున్నది. చెన్నైలో 1993లో ప్రారంభమైన బన్యన్ అను సంస్థ, 2015 నుండి, దీర్ఘకాలము ఆస్పత్రులలో ఉండిపోయిన స్త్రీలను నలుగురైదుగురిని కలిపి మామూలు వీధులలో అద్దె ఇండ్లలో ఉంచుచున్నది. తోడుగా జీతము తీసికొను సహాయకురాలు ఉండును. వారు బజారుకు పోవుదురు, ఇరుగు పొరుగుతో మాట్లాడుదురు, కొందరు పనికి పోవుదురు. ఇప్పుడు కేరళ, అస్సాం వంటి రాష్ట్రములలోనికి కూడ ఆ ప్రయత్నము వ్యాపించినది. చెన్నై వీధిలో సాధ్యమైనది బుధ్‌వారీ బజారు వెనుక వీధిలో అసాధ్యమగునా?

మన చట్టములలో ఉన్న కంత ఎక్కడనో చూపెదను. పిల్లల విషయములో పోషక సంరక్షణకు 2015 నాటి బాల న్యాయ చట్టము 44వ సెక్షనులో స్థానమున్నది, మిషన్ వాత్సల్య క్రింద నెలకు 4,000 రూపాయలు ఉన్నవి. పదునెనిమిది ఏండ్లు నిండిన మరునాడు ఆ సెక్షను అతనికి వర్తించదు. వైకల్యమునకు మాత్రము పుట్టినరోజు తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద కలెక్టరు అధ్యక్షతన ఉండు స్థానిక కమిటీ సంరక్షకుని నియమింపవచ్చును. పెద్దవారి సామూహిక గృహములకు ఘరౌందా అను పథకము కూడ ఉన్నది. కాని ఆ చట్టము వర్తించునది ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములకే. స్కిజోఫ్రీనియాతో బాధపడు కుమారుని తండ్రి ఆ గుమ్మము ఎక్కిన వెనుకకు పంపుదురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించినది, 5వ సెక్షనులో సమాజములో నివసించు హక్కు నిచ్చినది. ఐక్యరాజ్య సమితి ఒడంబడికకు భారతదేశము 2007లోనే ఆమోద ముద్ర వేసినది. హక్కులన్నియు ఉన్నవి. పెద్దవానికి ఒక ఇంటిని, ఆ ఇంటిలో జీతము గల మనిషిని చూపు పథకము మాత్రము రైల్వేలో ఎచ్చటను లేదు.

ఇక మన సంఘములోనే కొందరు మిత్రులు అనుచున్నారు: "ఇది సంక్షేమ సంఘములు చూచుకొను పని, మనకు బదిలీలు, ఖాళీల భర్తీ, బోనసు ఉన్నవి గదా" అని. ఈ మిత్రులపై నాకు గౌరవమున్నది. వీరిలో 1974 మే నాటి సమ్మెలో జైలుకు పోయినవారి కుమారులు కూడ ఉన్నారు. లోకో సిబ్బందికి పనిగంటలకు హద్దు ఉండవలెనన్న నాడు కూడ, రైలు నడుపుటకు గంటల లెక్క ఏమిటని యాజమాన్యము నవ్వినది. ఇంటిలో తల్లి చేయు పనికి గంటల లెక్క ఏమిటని నేడు మనలోనే కొందరు నవ్వుచున్నారు. డ్యూటీకి పోవు ప్రతి కార్మికుని వెనుక ఇల్లు చూచుకొను ఒక మనిషి ఉన్నందుననే బండి సమయమునకు కదలుచున్నది. ఆ మనిషి శ్రమ కార్మిక ప్రశ్న కానిచో ఏది కార్మిక ప్రశ్న?

మరియొక కారణము చేత కూడ మనము ముందే మేల్కొనవలెను. ప్రభుత్వము ఏదో ఒకనాడు ఈ పోషక గృహము అను మాటను తానే ఎత్తుకొనును. ఆస్పత్రి మంచము కన్న ఇది చవుక అని లెక్క వేసికొనును. అప్పుడు చూచుకొను స్త్రీకి సేవికయనో, సఖి అనియో ఒక పేరు పెట్టి, నెలకు ఇంత గౌరవ వేతనమని ప్రకటించును. అంగన్‌వాడీ అక్కలకు జరిగినది అదే, ఆశా కార్యకర్తలకు జరిగినది అదే. 2013లో 45వ భారత కార్మిక మహాసభ వారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనము, సామాజిక భద్రత ఈయవలెనని సిఫారసు చేసినది. ఆ సిఫారసు ఇన్నేండ్లుగా మూలపడి యున్నది. పథకము పుట్టిన తరువాత పోరాడుటకన్న పుట్టుకలోనే షరతులు వ్రాయించుట మేలు.

కనుక మనము అడుగవలసినది ఇట్లుండవలెనని నా అభిప్రాయము. బిలాస్‌పూర్ కాలనీలలో పాత క్వార్టర్లు ఖాళీపడి, కూల్చివేతకు ఎదురుచూచుచున్నవి. రైల్వే భూములను అభివృద్ధి పేరిట ప్రైవేటువారికి దీర్ఘకాలపు లీజులకిచ్చుటకు ఒక ప్రత్యేక సంస్థయే పనిచేయుచున్నది. ఆ భూములలో ప్రతి కాలనీకి నాలుగైదు ఇండ్లు పోషక గృహములకు కేటాయించుట రైల్వేకు భారమా? ఆ ఇండ్లలో నివసించి చూచుకొనుటకు ఇష్టపడు కుటుంబములను దరఖాస్తుల మీద ఎన్నిక చేయవలెను. రైల్వే కార్మికుల వితంతువులు, ఒంటరి స్త్రీలు ఇందుకు ముందుకు రాగలరు. వారికి కనీస వేతనమునకు తగ్గని జీతము, భవిష్యనిధి, వైద్య సదుపాయము, వారమున ఒక సెలవు దినము, ఆ దినమున బదులు పనిచేయు ఆయా ఉండవలెను. ఒక ఇంటిలో ఇద్దరికి మించి ఉంచరాదు. మించిన నాడు అది ఇల్లు కాదు, వార్డు.

పింఛను సొమ్ము సంగతి వేరుగా చెప్పవలెను, ఎందుకనగా మోసమంతయు అచ్చటనే జరుగును. చూచుకొనువారు వేరు, సొమ్ముకు సంరక్షకులు వేరు కావలెను. ఒకే చేతిలో రెండును ఉండరాదు. ప్రతి మూడు నెలలకు లెక్క చూపవలెను. తనిఖీ కమిటీలో రైల్వే వైద్యుడు, వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు, సంఘ ప్రతినిధి, అటువంటి బిడ్డ గల మరియొక తల్లి గాని తండ్రి గాని ఉండవలెను. ముందుగా తెలుపకుండ పోయి చూచు అధికారము వారికి ఉండవలెను. స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ కమిటీలో మన ప్రతినిధులున్నారు గదా. ఆటల పోటీలకు, విహార యాత్రలకు వ్యయమగు సొమ్ములో కొంత ఇందుకు మళ్లించుమని వారు అడుగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

అన్నిటికన్న ముందు, ఆ మనిషిని అడుగవలెను. అతని పేరిట మనము ఇన్ని మాటలాడుచున్నాము. అతడు ఎవరితో ఉండదలచెనో, ఎవరి దగ్గర భయపడునో చెప్పగలడు. మాటలతో చెప్పలేనివాడు కూడ ముఖము తిప్పుకొని చెప్పును. తల్లిదండ్రులు బ్రతికి యుండగానే నెలకు రెండు దినములు, ఆపై వారము దినములు ఆ ఇంటిలో ఉండి అలవాటు పడవలెను. శవము లేచిన మరునాడు కొత్త గుమ్మములోనికి నెట్టరాదు.

వచ్చు పి.ఎన్.ఎం. సమావేశపు అంశములలో దీనిని చేర్చుటకు మనకు కావలసినది వివరములు. ఈ డివిజనులో ఇట్టివారు ఎందరున్నారని అధికారులు మొదట అడుగుదురు. ఎవరును లెక్కింపలేదు. శాఖా కార్యదర్శులు తమ తమ కాలనీలలో ఇంటింటికి పోయి జాబితా తయారుచేయవలెను. కార్మికుని పేరు, విరమణ తేది, 2004కు ముందు చేరినవాడా తరువాతనా, బిడ్డ వయస్సు, వైకల్య ధ్రువపత్రము ఉన్నదా, పింఛను పత్రములో పేరు ఎక్కినదా, సంరక్షకుడుగా ఎవరిని అనుకొన్నారు, ఇప్పుడు ఇంటిలో చూచుకొనుచున్నది ఎవరు, ఆమె వయస్సు ఎంత. ఇంటివారు ఇష్టపడని పక్షమున పేరు వ్రాయవద్దు, సంఖ్య వ్రాయండి. చివరి గడిని మాత్రము ఎవరును ఖాళీగా వదలరాదు.